టోచన్

వరంగల్‌లో ములుగు రోడ్డు మీది ట్రాక్టర్ల షెడ్డులో నేను పనికి చేరింది 1974లో. పానాల సైజులు కూడా సరిగా రాకముందే నా చెవిన పడ్డ మాట టోచన్. "ఆత్మకూరు కాడ మాసీ ట్రాక్టరు ఆగిందట, టోచన్ చేసి తీస్కరాపో" అని ఉస్తాద్ ఇనుప గొలుసు నా భుజాన వేసేవాడు. టో అంటే గుంజుడు, చైన్ అంటే గొలుసు. ఆ రెండు ఇంగ్లీషు మాటలూ డ్రైవర్ల నోట్లో నలిగి హిందీలో, ఉర్దూలో, మన దగ్గర ఒక్క మాటయి నిలబడ్డాయి. ముప్పై ఏళ్ల తర్వాత వరికోత మిషన్‌తో వచ్చిన పంజాబు డ్రైవరు ఒకడు మా షెడ్డులో బెల్టు మార్పించుకుంటూ, వాళ్ల ఊళ్లో టోచన్ అంటే ఆట అని చెప్పాడు. రెండు ట్రాక్టర్లను వీపుకు వీపు పెట్టి, నడుమ గొలుసు కట్టి, ఏది దేన్ని గుంజుకుపోతుందో చూస్తారట. నాకు ఆశ్చర్యం కలగలేదు. పేరు తెలియకుండానే ఆ ఆట మా చెరువు శిఖంలో ఆడినవాణ్ని నేను. ఆ రోజు సంగతి చెప్పాలంటే మా తాత ఎడ్లబండి దగ్గర మొదలుపెట్టాలి.

మా తాత నర్సంపేట వైపు నుంచి వరంగల్ ధాన్యం మార్కెట్టుకు కిరాయి బండి తోలేవాడు. పొద్దుగూకినాక బయలుదేరితే తెల్లారేసరికి ఖిలా వరంగల్ కనబడేది. బస్తాలు ఎక్కించడం ఆయన ఇంకొకరికి వదిలేవాడు కాదు. బరువంతా వెనక పడితే కాడి పైకి లేస్తుంది, పలుపు ఎద్దు గొంతుకు బిగుస్తుంది. బరువంతా ముందు పడితే కాడి మెడ మీద కూర్చుంటుంది, నాలుగు రోజుల్లో మెడ పుండు పడుతుంది. బస్తాలన్నీ ఎక్కించాక తాత ఒక్క చేత్తో కాడిని కొద్దిగా లేపి చూసేవాడు. నీళ్లు నిండిన బిందె లేపినంత బరువు తగిలితే సరి. ఎక్కువైనా తక్కువైనా మళ్లీ దించి, రెండు బస్తాలు అటోఇటో జరిపేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు నొగ మీదికి జరిగి కూర్చునేవాడు. దిగేటప్పుడు వెనక్కి పోయేవాడు. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని నేనూ ముందుకూ వెనక్కీ జరిగేవాణ్ని. అది ఆట అనుకునేవాణ్ని. తాత తన ఒంటి బరువును కూడా లెక్కలో వేసుకుంటున్నాడని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇక ఎడ్లబండి తర్వాత వచ్చిన ట్రాక్టరు సంగతి. మన దేశానికి అది పెద్దఎత్తున వచ్చింది యుద్ధం మిగిల్చిన సరుకుగా. 1947లో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అని పెట్టి, అమెరికా సైన్యం వదిలేసి పోయిన యంత్రాలతో ఉత్తరాదిలో గడ్డి ముదిరిన బీళ్లను దున్నించింది. ఇక్కడే తయారు చేయడం 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. 1960లో మద్రాసులో టాఫే పుట్టింది, మాసీ ఫెర్గూసన్ బండ్లు అక్కడినుంచి రాసాగాయి. 1961-62లో దేశం మొత్తం మీద తయారైన ట్రాక్టర్లు 880. ఇవాళ ఆ లెక్క చెబితే కుర్రాళ్లు నమ్మరు. 1963లో మహీంద్రావాళ్ల బి-275, 1971లో పింజోర్ నుంచి హెచ్‌ఎంటీ జీటర్ 2511, నేను పనికి చేరిన 1974లోనే పంజాబు నుంచి స్వరాజ్ 724 వచ్చాయి. నా చేతికి మసి అంటించిన బండ్లు ఇవే.

వరంగల్ పల్లెల్లో మొదట ట్రాక్టరు ఉన్నది దొరల గడీల్లోనే. ఊరంతా దాన్ని చూడ్డానికి పోయేది గానీ ముట్టుకునేది కాదు. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాక అప్పు మీద మామూలు పటేళ్ల ఇంటికీ వచ్చింది. తర్వాత రెండు సంగతులు మా జిల్లాలో ట్రాక్టరు బతుకునే మార్చేశాయి. ఒకటి నీళ్లు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ మెల్లగా మావైపు జరిగింది, దానితో పాటు బోర్లూ పెరిగాయి, వరి పెరిగింది. పొడి దుక్కి దున్నిన బండ్లు బురదలో కరిగెట్టు దున్నడానికి దిగాయి. రెండోది పత్తి. గుంటూరు జిల్లా నుంచి రైతులు వచ్చి నల్లరేగళ్లు కౌలుకు పట్టి పత్తి వేశారు. వాళ్లున్న చోట్లకు గుంటూరుపల్లె అనే పేరు పడింది. పత్తితో పాటు పురుగుమందులూ అప్పులూ వచ్చాయి. 1997-98లో పత్తి పోయి, వరంగల్ రైతుల చావులు దేశమంతా పేపర్లకెక్కాయి. ఆ ఏడాది మా షెడ్డు ముందు నుంచి ఫైనాన్సు వాళ్లు లాక్కుపోతున్న ట్రాక్టర్లు వరుసగా పోయేవి, అవీ టోచన్ మీదే. నేను బాగుచేసిన బండ్లను గుర్తుపట్టి తల తిప్పుకునేవాణ్ని.

గుంటూరుపల్లె వాళ్లు తెచ్చినవాటిలో నాకు ఇష్టమైనది బండలాగుడు ముచ్చట. ఒంగోలు గిత్తల జత, వెనక మోకుతో కట్టిన రాతిబండ, గడియారం పట్టుకున్న పెద్దమనిషి. గిత్తలను పళ్లను బట్టి వర్గాలు చేస్తారు. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు, ఆరు, చివర సీనియర్లు. వర్గం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. శివరాత్రికి మేళ్లచెరువులో జరిగే పోటీలకు ఇప్పటికీ రెండు రాష్ట్రాల జతలు వస్తాయి. ఆ పోటీలో నేను చూసేది ఎద్దును కాదు, మోకును. మోకు పొడుగెంత, కాడికి ఎక్కడ ముడి, బండకు ఎక్కడ కొక్కెం. మోకు కురచ చేస్తే లాగుడు ఏటవాలుగా పడి బండ ముక్కు కొద్దిగా లేస్తుంది, నేలలో గుచ్చుకోదు. మరీ కురచైతే ఆ బరువు ఎద్దు మెడకే పోతుంది. అనుభవమున్నవాడు జానెడు తేడాతో ముడి మారుస్తాడు. చూసేవాళ్లు చెర్నాకోల చప్పుడే వింటారు.

1981 ఎండాకాలంలో మా చెరువు ఎండింది. శిఖం నెర్రెలు బారి గట్టిగా ఉంది. మా ఊరి పటేల్ మాసీ 1035 గొప్పదా, పక్క ఊరి జీటర్ గొప్పదా అని కల్లు మండువ దగ్గర మొదలైన మాట పందెం దాకా పోయింది. మాసీకి డ్రైవరు మా మేనబావ. దాన్ని పందేనికి తయారు చేసింది నేను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, ఏడేళ్ల పని చేతిలో ఉంది, అన్నీ వచ్చుననే నమ్మకం అంతకంటే ఎక్కువ ఉంది.

రెండు పనులు చేశాను, రెండూ తప్పే. పంపు సీలు తెంపి డీజిల్ స్క్రూ పెంచాను. యాక్సిలేటర్ ఇస్తే గొట్టంలోంచి నల్లటి పొగ కమ్ముకొచ్చింది. పొగ చూసి జనం ఈలలు వేశారు, నాకూ అదే బలమనిపించింది. నల్లపొగ అంటే గాలి చాలక కాలకుండా పోయిన డీజిల్ అని ఉస్తాద్ ఎన్నిసార్లు చెప్పాడో. ఇక రెండో తప్పు ప్రాణం తీసేదే. గొలుసు పైన కడితే వెనక టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయని నేను దుక్కిలో గమనించాను. అది నిజమే. కాబట్టి గొలుసును కింది డ్రాబార్‌కు కాకుండా పైన టాప్ లింక్ పిన్నుకు తగిలించాను.

"బావా, ఫస్టుల పెట్టి ఒక్కసారే క్లచ్చు వదులు" అన్నాను.

వదిలాడు. గొలుసు బిగిసిన చప్పుడైంది. మాసీ ముక్కు లేచింది. ముందు టైర్లు మనిషి ఛాతీ ఎత్తుకు వచ్చాయి, సీట్లో బావ ఆకాశం చూస్తూ కనిపించాడు. కాలు ఎట్లా పడ్డదో, క్లచ్చు మీద పడ్డది. బండి ముందుకు విరుచుకుపడింది. స్టబ్ యాక్సిల్ వంగింది. స్టీరింగ్ ఛాతీకి కొట్టి బావకు పక్కటెముక విరిగింది. జీటర్ అక్కడే నిలబడి ఉంది. గెలుపు ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు ఉస్తాద్ నన్ను కొట్టలేదు. టీ తాగుతూ ఒక్క మాట అన్నాడు. "అరే బేటా, మీ తాత బండి తోలిండు గదరా. ఎనుక బరువైతే కాడి ఏమైతదో నీకు నేను చెప్పాల్నా?"

ఆ తర్వాత సుద్దముక్క తీసుకుని షెడ్డు గచ్చు మీద లెక్క వేయించాడు. మాసీకి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ దూరం 72 అంగుళాలు. డ్రాబార్ నేలకు 18 అంగుళాల ఎత్తున ఉంది. గొలుసులో లాగుడు 1000 కిలోలు ఉందనుకుంటే, దాన్ని 18తో గుణించి 72తో భాగించాలి. 250 వస్తుంది. అంటే ముందు టైర్ల మీదినుంచి 250 కిలోలు లేచి వెనక టైర్ల మీద పడ్డట్టు. అంతవరకు మంచిదే, వెనక పట్టు పెరుగుతుంది. నేను కట్టిన చోటు దాదాపు 36 అంగుళాలు. అదే లాగుడుకు 500 కిలోలు లేస్తాయి. అంత బండికి ముందు టైర్ల మీద ఉండేదే ఆరేడు వందల కిలోలు. పైగా నేను క్లచ్చు ఒక్కసారే వదలమన్నాను, ఆ గుంజుకు లాగుడు 1000 దగ్గర ఆగుతుందా? ముక్కు లేవక ఏం చేస్తుంది.

ఇంకో సంగతి ఆ గచ్చు మీదే అర్థమైంది. వెనక ఇరుసు నేలకు రెండడుగుల ఎత్తున ఉంటుంది. కొక్కెం దానికంటే బాగా కింద ఉంటే, ముక్కు లేచినకొద్దీ కొక్కెం ఇంకా కిందికి దిగుతుంది, లేపే బలం దానంతటదే తగ్గుతుంది. ఇరుసుకు పైన కడితే ఆ రక్షణ లేదు. బండి పూర్తిగా వెనక్కి తిరగబడడానికి పట్టేది ఒకటిన్నర సెకను. అందులో సగం గడిచేసరికే మనిషి చేతిలో ఏమీ ఉండదు. మా బావ కాలు ఆ సగంలోనే క్లచ్చు మీద పడింది.

ఆ లెక్క నాకు పందేల కంటే పొలాల్లో ఎక్కువ పనికొచ్చింది. కరిగెట్టులో ఇనుప కేజ్‌వీల్స్ దిగబడినప్పుడు డ్రైవర్లు చక్రానికి దుంగ కట్టి బండిని పైకి లేపాలని చూస్తారు. దుంగ అడ్డుపడి చక్రం తిరగదు. ఇంజను మాత్రం తిప్పుతూనే ఉంటుంది. చక్రం తిరగకపోతే తిరిగేది బండే, ఇరుసు చుట్టూ ముక్కు లేచి డ్రైవరు మీద పడుతుంది. కింద బురద, పైన ఇంజను. ప్రతి నాట్ల కాలంలో మా వైపు ఇట్లాంటి వార్త ఒక్కటైనా వింటాను. దిగబడితే రివర్స్‌లో రావాలి, రాకపోతే దిగి ఇంకో బండిని పిలవాలి, గొలుసు కింది కొక్కేనికే కట్టాలి. నలభై ఏళ్లుగా షెడ్డుకు వచ్చిన ప్రతి డ్రైవరుకు ఈ మాట చెబుతున్నాను. విసుక్కున్నవాళ్లకు రెండుసార్లు చెబుతాను.

బరువు లాగించి బలం తేల్చడం మనిషికి పాత అలవాటు. అమెరికా రైతులు మొదట గుర్రాలతో లాగించారు. 1929లో మిసోరీలోని బౌలింగ్ గ్రీన్‌లో, ఒహాయోలోని వాన్స్‌విల్‌లో ట్రాక్టర్లతో పోటీలు పెట్టారు. మొదట్లో వాళ్ల పద్ధతి భలే ఉండేది. బల్ల లాంటి స్లెడ్జిని ట్రాక్టరు లాగుతుంటే, దారి పొడుగునా నిలబడ్డ మనుషులు ఒక్కొక్కరే దాని మీదికి ఎక్కేవారు. బండి ఆగేదాకా బరువు పెరుగుతూ పోయేది. 1969లో జాతీయ సంఘం ఏర్పడి నిబంధనలు ఒక్కతాటికి వచ్చాయి. తర్వాత బరువుపెట్టె దానంతటదే ముందుకు జరిగే స్లెడ్జిలు వచ్చాయి. పాత ట్రాక్టర్లకు అక్కడ వేరే వర్గం ఉంది. చాలా చోట్ల కొక్కెం ఎత్తు 20 అంగుళాలు దాటనివ్వరు. ఆ 20 అంగుళాల నిబంధన గురించి మొదటిసారి చదివినప్పుడు మా గచ్చు మీది సుద్దగీతలే కళ్ల ముందు కదిలాయి. ఎవరికి వాళ్లం దెబ్బలు తిని దాదాపు ఒకే అంకె దగ్గరికి వచ్చాం.

పంజాబులో 1933 నుంచి కిలా రాయ్‌పూర్‌లో గ్రామీణ క్రీడలు జరుగుతున్నాయి, ఎడ్లబండ్ల పరుగుకు ఆ ఊరు పేరుపడింది. ట్రాక్టర్ల ఆటలు మాత్రం ఆ రాష్ట్రంలో శ్రుతి మించాయి. 2023 అక్టోబరులో గురుదాస్‌పూర్ జిల్లాలో ట్రాక్టరుతో విన్యాసం చేస్తూ ఒక యువకుడు దాని కిందే చనిపోతే, ప్రభుత్వం ట్రాక్టర్ల విన్యాసాలను నిషేధించింది. మన కోస్తా పల్లెల్లో సంక్రాంతికి ట్రాక్టరును ట్రాలీతో సహా రివర్స్‌లో నడిపే పోటీ పెడతారు. అది నాకు నచ్చిన ఆట, అందులో గెలిచేది నిదానం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థ ఉంది, యంత్రాలను కొలిచి పరీక్షించే పని అక్కడ జరుగుతుంది. మా షెడ్డులో ఆ పరికరాలు లేవు. సుద్దముక్క ఉంది.

పోయిన ఏడాది ఒక పాత మాసీ మళ్లీ నా దగ్గరికి వచ్చింది. 1981 నాటి పటేల్ బండే. పటేల్ పోయి చాలా ఏళ్లయింది. మనవడు దాన్ని తుక్కుకు వేయకుండా కొట్టంలో దాచాడు. "కాకా, సంక్రాంతికి టోచన్ పోటీ పెడదాం, దీన్ని తయారు చెయ్యి" అన్నాడు. రెండు బండ్లను వీపుకు వీపు కట్టే పని చేయనన్నాను. తెగిన గొలుసు ఎటు ఎగురుతుందో, ఎవరి తలకు తగులుతుందో ఎవరూ చెప్పలేరు. చెరువు కట్ట కింద ఎడ్లు లాగిన పాత రాతిబండ పడి ఉంది కదా, దాన్ని లాగిద్దాం, బరువు చాలకపోతే ఇసుక బస్తాలు వేద్దాం అన్నాను. కాసేపు మొహం చిన్నబుచ్చుకుని, సరేనన్నాడు.

పదిహేను రోజులు పట్టింది. మూడు సిలిండర్లకూ నాజిళ్లు తీసి హన్మకొండలో బెంచి మీద పరీక్ష చేయించాను. ఒకటి చినుకులు కార్చుతోంది, మార్చాను. పంపు కాలిబ్రేషన్ చేయించి కొత్త సీలు వేయించాను, ఈసారి దాన్ని ఎవరూ తెంపకుండా నేనే కాపలా. చల్లటి ఇంజను మీద ట్యాపెట్లు 12 థౌ దగ్గర పెట్టాను. ఫీలర్ బిళ్ల నెయ్యి రాసినట్టు జారకూడదు, పట్టినట్టూ ఉండకూడదు, వేలికి కొద్దిగా జిగురు తగలాలి. యాక్సిలేటర్ ఇస్తే లేతబూడిద రంగు పొగ ఒక్క క్షణం వచ్చి తేలిపోయింది. మనవడు అడిగాడు, పొగ ఇంకొంచెం రాదా అని. నేను పలకలేదు.

తర్వాత టైర్లు. వెనక ఒకటి కొత్తది, ఒకటి సగం అరిగింది. అట్లా ఉంటే పెద్ద టైరు ఒక వైపుకు నెడుతుంది, బండి తిన్నగా లాగదు. రెండూ జతవి వేయించాను. చక్రాన్ని జాకీ మీద లేపి, వాల్వు పైకి వచ్చేట్టు తిప్పి, వాల్వు మట్టానికి వచ్చేదాకా నీళ్లు పట్టాను. ముప్పావు టైరు నిండుతుంది, ఒక్కోదాంట్లో 150 లీటర్ల దాకా పడతాయి. మిగిలిన పావులో గాలి. ఆ నీళ్లు వెనక టైర్లను నేలకు అదిమిపెడతాయి. వెనక పెంచాను కాబట్టి ముందూ చూడాలి. బంపర్ దగ్గర పోత ఇనుప దిమ్మెలు ఒక్కొక్కటే తగిలించి చూశాను. గొలుసు 18 అంగుళాల డ్రాబార్‌కే. బండి గట్టిగా లాగేటప్పుడు ముందు టైర్లు నేలను వదలకూడదు, అట్లాగని నేలలో దిగి దున్నకూడదు. వేళ్లతో తాకినట్టు నేల మీద ఉండాలి. నాలుగో దిమ్మె దగ్గర అది కుదిరింది. తాత ఒక్క చేత్తో కాడి లేపి చూసినప్పుడు ఆయన వేళ్లకు తగిలింది ఇదేనేమో.

భోగికి రెండు రోజుల ముందు శిఖంలో సరిచూశాం. వెనక టైరుకు సుద్దతో గీత పెట్టాను. మొదట బరువేమీ లాగకుండా నడిపించి, గీత పదిసార్లు కిందికి వచ్చేదాకా నడిచిన దూరం టేపుతో కొలిచాం. 125 అడుగులు. తర్వాత రాతిబండ కట్టి, దాని మీద ఇసుక బస్తాలు ఆరు వేసి, అదే పది చుట్లు. 108 అడుగులు. పదిహేడు అడుగులు చక్రం ఊరికే తిరిగింది, నూటికి పద్నాలుగుకు కాస్త తక్కువ. మట్టి నేలలో పది నుంచి పదిహేను దాకా జారడం మంచి పట్టే. అసలు జారకపోతే బరువు ఎక్కువ పెట్టినట్టు, పదిహేను దాటితే టైరూ డీజిలూ మట్టిపాలు.

మా బావ కట్ట మీద తుమ్మచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటాయి, వాన పట్టే ముందు ఆ పక్కటెముక ఇప్పటికీ సలుపుతుందంటాడు. ఏడో బస్తా వేయమని చేయి ఊపాడు. వేశాం. మనవడు క్లచ్చు మెల్లగా వదిలాడు. గొలుసు నేల మీదినుంచి లేచి బిగిసింది, బండ కదిలింది. సుద్ద గీత కిందికి దిగి మళ్లీ పైకి వస్తుంటే బావ గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.